బ్లూస్ గిటారుకీ ఓ వంతగాడు కావాలి!

1971లో ‘హరే రామా హరే కృష్ణ’ విడుదలయ్యాక గిటార్ పట్టిన కుర్రాళ్ళంతా ఎగబడి నేర్చుకున్నది ‘దమ్ మారో దమ్’ పాట ఎత్తుగడ! ఆర్.డి.బర్మన్ బాణీకి ఆ గిటార్ వాయించింది ఎవరనుకున్నారు? గజల్ గాయకుడిగా మనందరం ఎరిగిన భూపీందర్ సింగే. ఆ ముక్కలో ఉన్న స్వరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితేనేం, యాభై ఏళ్ళు దాటిపోయినా అది మోగిందంటే చాలు, పాటేదో పక్కింటి వాళ్ళక్కూడా తెలిసిపోతుంది.

మరి మన ఊళ్ళ ఆర్కెస్ట్రాల్లో గిటార్ కుర్రాళ్ళు నిముషానికి వందల స్వరాలు కురిపిస్తున్నా, ఇంటికెళ్ళేసరికి ఒక్కటీ గుర్తుండదెందుకని?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. నేనుండేది నరసరావుపేట. పెళ్ళి రిసెప్షనయినా, కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభల ముందు వేసే స్టేజీ అయినా, ఆర్కెస్ట్రా లేనిదే మా పల్నాడు జనానికి తృప్తి ఉండదు. అలాంటి ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే కుర్రాడు నాకు బాగా పరిచయం. పేరెందుకు లెండి, పొట్టకూటి వ్యవహారం! మొదటి పాట మొదలయ్యే ముందు జనం సర్దుకుని కూర్చోవడానికి ఓ నిముషంపైన గిటార్ బిట్ వాయించడం అతని వాటా. బ్లూస్ అంటే పిచ్చి గనక అదే వాయిస్తాడు. మొన్న వాళ్ళ మాస్టారు ఖండితంగా చెప్పేశాడట: “వచ్చే ప్రోగ్రామ్‌లో కూడా జనం కుర్చీలు జరుపుకుంటూ కూర్చుంటే ఆ బిట్ తీసేస్తా. కీబోర్డులోనే గిటార్ మోత వస్తుంటే నీకు విడిగా డబ్బులెందుకియ్యాలి?”

కుర్రాడు ముఖం వేలాడేసుకుని నా దగ్గరకొచ్చాడు. “ఏందన్నా ఇది! వేళ్ళు తెగేట్టు సాధన చేశా. ఎంత స్పీడుగా వాయించినా ఒక్కడూ తలెత్తి చూడ్డే!”

అక్కడే ఉంది కిటుకంతా. తలెత్తి చూడాలంటే ముందు వాళ్ళని పిలవాలి కదా!

పత్తి చేలల్లో పుట్టిన పిలుపు

బ్లూస్ సంగీతం ఎక్కడిదో తెలిస్తే ఈ పిలుపు సంగతి తేలిగ్గా బోధపడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా మిసిసిపీ ప్రాంతపు పత్తి చేలల్లో, నల్లజాతి కూలీల నోట పుట్టిన పాట అది. చేలో పనిచేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. పల్నాటి పత్తి చేలలో కలుపు తీసే ఆడవాళ్ళ పాటలు విన్నవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వాళ్ళు పడ్డ బానిసత్వపు బాధ వేరు, దాన్ని మనతో పోల్చకూడదు. కానీ ఒక గొంతు అడగడం, ఇంకో గొంతు బదులివ్వడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

బ్లూస్ గిటారుకు రారాజనిపించుకున్న బి.బి.కింగ్ 1925లో మిసిసిపీలోనే పుట్టాడు. చిన్నప్పుడు పత్తి తీశాడు, ట్రాక్టర్ తోలాడు. ఆయన గిటార్ పేరు లూసిల్. దాని వెనక అచ్చం సినిమా కథలాంటి కథ ఉంది. 1949 చలికాలంలో అర్కాన్సాస్ రాష్ట్రంలోని ట్విస్ట్ అనే ఊళ్ళో కచేరీ జరుగుతోంది. వెచ్చదనం కోసం మధ్యలో కిరసనాయిలు మంట పెట్టారు. ఇద్దరు మగాళ్ళు కొట్టుకుని దాన్ని తన్నేశారు. హాలంతా మంటలు! బయటికి పరిగెత్తిన కింగ్, గిటార్ లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి మళ్ళీ మంటల్లోకి దూకాడు. ఆ గొడవకి కారణమైన అమ్మాయి పేరు లూసిల్ అని తర్వాత తెలిసింది. ఇక ముందెప్పుడూ ఇలాంటి తెలివితక్కువ పని చెయ్యకూడదని గుర్తుండటానికి గిటారుకి ఆ పేరే పెట్టుకున్నాడు.

కథ సరే, మనకి పనికొచ్చే విషయం ఇంకొకటుంది. బి.బి.కింగ్ పాడేటప్పుడు గిటార్ వాయించడు. వాయించేటప్పుడు పాడడు! ఒక మాట నోటితో అంటాడు, ఆగుతాడు, దానికి జవాబు లూసిల్ చెబుతుంది. 2015లో కన్నుమూసేదాకా ఆయన పద్ధతి అదే. గిటార్ ఆయనకి పక్కన నిలబడ్డ వంతగాడన్నమాట.

పన్నెండు బార్ల ఇల్లు

బ్లూస్‌లో ఎక్కువగా వినిపించే చట్రం పన్నెండు బార్లది. బారుకి నాలుగు దరువులు. అంటే చుట్టుకి మొత్తం 48 దరువులు. మూడే మూడు కార్డులు: షడ్జం మీద నిలిచేది ఒకటి, మధ్యమం మీద ఒకటి, పంచమం మీద ఒకటి. మొదటి నాలుగు బార్లు షడ్జం కార్డు. తర్వాత రెండు మధ్యమం, రెండు షడ్జం. చివరి నాలుగింటిలో ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, ఆఖరి రెండూ మళ్ళీ సొంతింటికి, షడ్జానికి.

దీని మీద పాడే మాటలు మూడు పాదాలు. మొదటి పాదం ఒక సంగతి చెబుతుంది. రెండో పాదం దాన్నే ఇంచుమించు మళ్ళీ చెబుతుంది. మూడో పాదం తీర్పు చెబుతుంది. పాదానికి నాలుగేసి బార్లు. గాయకుడు నాలుగు బార్లూ నింపడు సుమండీ! సగంలో మాట ముగించి తప్పుకుంటాడు. మిగతా సగం గిటారుది.

ఇంటి ప్లానే ఇలా ఉంటే మన కుర్రాడేం చేస్తున్నాడు? పన్నెండు బార్లలోనూ మొదటి దరువు నుంచి ఆఖరి దరువు దాకా తనే మాట్లాడేస్తున్నాడు. ఎదుటివాణ్ణి నోరెత్తనివ్వని మనిషి కబుర్లు ఎవరు వింటారు చెప్పండి?

తందాన తాన!

కుర్రాణ్ణి బండెక్కించుకుని గురజాల దగ్గర ఒక పల్లెకి తీసుకెళ్ళాను. అక్కడో పెద్దాయన ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉండగా బుర్రకథ దళంలో వంతగా తిరిగారు.

పల్నాడుకీ కథ చెప్పడానికీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి మొదలయ్యే పల్నాటి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ, బాలచంద్రుడి కథ పాడుతుంటే తెల్లవార్లూ కూర్చునే జనం ఉన్నారు. శ్రీనాథుడు ద్విపదలో రాసిందీ ఆ కథే. 1947లో ఒకసారి, 1966లో ఇంకోసారి ‘పల్నాటి యుద్ధం’గా వెండితెరకెక్కిందీ అదే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని బుర్రకథగా చెప్పి ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టారు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1997లో వెళ్ళిపోయారు.

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబుర భుజాన వేసుకుని, బొటనవేలికి అందె పెట్టుకుని కథకుడు. అటూ ఇటూ వాయిద్యాలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు ఒక చరణం చెప్పి ఆగుతాడు, వంతలు ‘తందాన తాన’ అని అందుకుంటారు. మధ్యలో “అయితే అప్పుడేమైంది?” అని అడుగుతారు. ఆ అడగడంలోనే జనం ప్రాణం ఉంటుంది. ఎందుకంటే, ఎదురుగా కూర్చున్న ప్రతివాడూ లోపల అడుగుతున్న ప్రశ్నే అది!

పెద్దాయన అరుగు మీద కూర్చుని, కుర్రాడు వాయించినంతసేపూ కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక అన్నారు:

“బానే చెబుతున్నావయ్యా కథ. నీకు వంత ఎవరు?”

“వంతేంది తాతా? సోలో కదా ఇది. నేనొక్కణ్ణే.”

“ఒక్కడివైతే మాత్రం? నువ్వు ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతే నేనెప్పుడు ‘ఊఁ’ కొట్టేది? అడిగేవాడివీ నువ్వే, చెప్పేవాడివీ నువ్వేనయ్యా. పైన తీగల మీద అడుగు, కాసేపాగు, కింద తీగల మీద బదులు చెప్పు. ఆ ఆగిన చోట నేను ఊఁ కొడతా.”

బి.బి.కింగ్ పేరు ఆయన వినలేదు. మిసిసిపీ ఎక్కడుందో ఆయనకక్కర్లేదు. కానీ బ్లూస్ గిటార్ సోలోకి మొదటి పాఠం ఇంతకంటే సూటిగా ఎవరైనా చెప్పగలరా?

ఒక్క మెట్టు మీద మూడు స్వరాలు

అడగడం, చెప్పడం సరే. ఏ స్వరాలతో అడగాలి?

బ్లూస్ వాయించేవాళ్ళు ముందుగా నేర్చే అయిదు స్వరాల మెట్లు మన శుద్ధ ధన్యాసివే: షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. దానికి అక్కడక్కడ ప్రతిమధ్యమం తాకిస్తే బ్లూస్ వగరు వస్తుంది. చాలామంది కుర్రాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కింద కార్డు మారినా పైన అవే అయిదు స్వరాలు, అదే వరస. వినేవాడికి విసుగు రాక ఏం చేస్తుంది?

ఇంకో అయిదు స్వరాలున్నాయి, మన మోహనవి. గొప్పవాళ్ళు ఈ రెండింటినీ కలిపి వాడతారు. ఎక్కడ ఏది వాడాలన్నదే గుట్టు. ఈ గుట్టు చేతికి తెలియాలంటే ఒక్క మెట్టు చాలు.

గిటార్‌ని ఎ శ్రుతిలో వాయిస్తున్నామనుకోండి. రెండో తీగ పదో మెట్టు మీద షడ్జం పలుకుతుంది. అదే తీగ పన్నెండో మెట్టు మీద చతుశ్రుతి రిషభం. ఇప్పుడా పన్నెండో మెట్టు మీద వేలుంచి తీగని పక్కకి నెట్టండి. కొంచెం నెడితే సాధారణ గాంధారం, ఇంకా నెడితే అంతర గాంధారం. ఒకే మెట్టు మీద మూడు స్వరాలు! షడ్జం కార్డు మోగుతున్నప్పుడు పూర్తిగా నెట్టి అంతర గాంధారం మీద నిలపండి. కార్డు మధ్యమానికి మారగానే సగమే నెట్టి సాధారణ గాంధారం మీద ఆపండి. ఆ స్వరం మధ్యమం కార్డులో ఒక అంగం గనక అక్కడ హాయిగా ఇమిడిపోతుంది. మారింది అర్ధస్వరమే. కానీ వినేవాడికి, గదిలో దీపం ఎవరో కాస్త తగ్గించినట్టు తెలుస్తుంది. కార్డులు వాయించేవాడు పక్కన లేకపోయినా కార్డు మారిన సంగతి సోలోయే చెప్పేస్తుంది.

రెండు గాంధారాలకీ మధ్య, ఏ మెట్టుకీ దొరకని చోటు ఒకటుంది. బ్లూస్ గాయకుల గొంతు తిరుగాడేది అక్కడే. తీగ నెట్టి, ఆ చోట కాసేపు నిలిపి చూడండి. గమకం విన్న చెవులకి ఇది పరాయి సంగతిలా అనిపించదు.

ఈ తీగ నెట్టడమనే విద్యకి మన తెలుగువాడొకడు ప్రపంచంలోనే పేరు తెచ్చాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్! మాండొలిన్‌కి జంట తీగలుంటాయి. వాటితో గమకం పలకడం కష్టమని, ఒంటి తీగలు అయిదు పెట్టి ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించాడాయన. ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటి గిటారిస్టు పక్కన కూర్చుని అడిగినదానికల్లా బదులు చెప్పాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. ఆయన వేగం ముందు ఎవరు నిలుస్తారు? అయినా ఆ వేగంలో ప్రతి స్వరం దేనికో జవాబుగానే వినపడుతుంది. అంటే వేగం తప్పు కాదన్నమాట. ప్రశ్న లేని జవాబులే తప్పు.

వేగానికి వెండితెర తీర్పు

సినిమా పత్రిక చదువుతూ ఈ ప్రశ్న అడగరా మీరు: “మరి ‘క్రాస్‌రోడ్స్’ సినిమాలో వేగమే గెలిచిందిగా?” నిజమే! వాల్టర్ హిల్ దర్శకత్వంలో 1986లో వచ్చిన ఆ చిత్రంలో హీరో రాల్ఫ్ మాకియో, సైతాను తరఫున వచ్చిన గిటారిస్టుతో పోటీ పడతాడు. ఆ గిటారిస్టు వేషం వేసింది స్టీవ్ వాయ్. హీరో చివరికి గెలిచింది బ్లూస్‌తో కాదు, మెరుపు వేగంతో సాగే పాశ్చాత్య శాస్త్రీయ బాణీతో.

కానీ ఆ సీను మళ్ళీ చూడండి. జనం ఊగిపోయింది ఆఖరి వేగానికే అయినా, అక్కడిదాకా మనల్ని కూర్చోబెట్టిందేమిటి? ఒకడు ఓ ముక్క విసురుతాడు, రెండోవాడు దాన్ని అందుకుని తిప్పికొడతాడు. జుగల్‌బందీ! ఆ వాదులాట తీసేసి ఆఖరి బాణీ ఒక్కటే ఉంచితే ఈలలు పడేవా?

72 సెకన్లు

మళ్ళీ మా పేట కుర్రాడి దగ్గరికొద్దాం. అతనికున్నది నిముషంపైన. నిముషానికి 80 దరువుల నడకలో పన్నెండు బార్లకి 36 సెకన్లు పడుతుంది. రెండు చుట్లు వేస్తే 72 సెకన్లు. ఆ లెక్కన కాయితం మీద ఇలా రాసుకున్నాం. మీలో గిటార్ పట్టేవాళ్ళుంటే మీకూ పనికొస్తుంది.

మొదటి చుట్టు: పాట మాటల్లాగే మూడు పాదాలు. మొదటి పాదంలో నాలుగైదు స్వరాల చిన్న ప్రశ్న. దాన్ని రిషభం మీదో పంచమం మీదో వదిలేయాలి, షడ్జానికి రానివ్వకూడదు. ప్రశ్న అడిగినట్టుండేది అప్పుడే. తర్వాత ఒక బారంతా మౌనం. రెండో పాదంలో అదే ప్రశ్న, గాంధారం మాత్రం మారుతుంది. మూడో పాదంలో జవాబు. అది షడ్జం మీద దిగాలి.

రెండో చుట్టు: ప్రశ్న అదే, ఎత్తుకునే చోటు వేరు. మొదటి దరువు మీద కాకుండా అర దరువు ఆగి ఎత్తుకోవాలి. విన్న మాటే కొత్తగా వినపడుతుంది. వేగం దాచుకున్నదంతా తొమ్మిదో బారులో, పంచమం కార్డు మీద ఖర్చుపెట్టాలి. ఒక్క బారు చాలు!

నడక: బ్లూస్ ఊపు తిశ్రంలో ఉంటుంది. దరువుని మూడు భాగాలు చేసి, మధ్య భాగంలో కొత్త స్వరం ఎత్తుకోకుండా మొదటిదాన్నే సాగదీయాలి. సమంగా రెండేసి వాయిస్తే డ్రిల్లు మాస్టారి విజిల్లా ఉంటుంది.

గొంతు: ప్రశ్న గట్టిగా, జవాబు మెల్లగా. తీగ మీటే చెయ్యి గిటార్ మెడవైపు జరిపితే మెత్తగా, బ్రిడ్జి వైపు జరిపితే పదునుగా పలుకుతుంది. ఒక్క గిటార్‌లో ఇద్దరు మనుషులు దొరుకుతారు. 2011లో బొంబాయిలో మొదటి మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ జరిగింది, అదీ ‘మదర్ ఇండియా’ తీసిన మెహబూబ్ ఖాన్ కట్టించిన స్టూడియోలో! అక్కడికొచ్చిన బడ్డీ గై ఈ విద్యలో ఘనుడు. గర్జిస్తున్న గిటార్‌ని గుసగుసలోకి దించేస్తాడు. అప్పుడు జనం చచ్చినట్టు నోరు మూసుకుని చెవులు రిక్కిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటి పెట్టాను. “నోటితో పాడలేని ముక్క వేలితో వాయించొద్దు.” పాడేవాడికి ఊపిరి చాలదు గనక ఎక్కడో ఒకచోట ఆగి తీరాలి. వేళ్ళకి ఊపిరి అక్కర్లేదు, అదే వాటితో వచ్చిన తంటా!

కుర్రాడికి మౌనమే అన్నిటికంటే కష్టమైంది. “ఒక బారంతా ఊరుకుంటే మర్చిపోయాననుకుంటారేమో అన్నా” అని భయపడ్డాడు. నాలుగు దరువులు, అంటే మూడే మూడు సెకన్లు! స్టేజీ మీద నిలబడ్డవాడికి మూడు సెకన్లు మూడు గంటలని నాకూ తెలుసు. అందుకే రోజూ సాధనలో ఆ బారంతా పెద్దాయన చెప్పినట్టు మనసులో ‘తందాన తాన’ అనుకోమన్నాను.

పోయిన వారం ఓ పెళ్ళి రిసెప్షన్లో వాయించాడు. జనం లేచి చప్పట్లు కొట్టారని రాస్తే మీరు నమ్మరు, అలా జరగనూ లేదు. మొదటి ప్రశ్న వాయించి ఆగాడు. ఆ మూడు సెకన్లలో ముందు వరసలో ప్లేటు పట్టుకున్న ఓ పెద్దమనిషి నమలడం ఆపి స్టేజీ వైపు చూశాడు. ప్రశ్న రెండోసారి వచ్చినప్పుడు పిల్లలిద్దరు స్టేజీ దగ్గరికి నడిచొచ్చారు. ఆఖరి జవాబు షడ్జం మీద దిగేసరికి వెనకనుంచి ఎవరో “ఆఁ!” అన్నారు. అంతే. దిగొచ్చాక మాస్టారన్న మాట కూడా అంతే పొదుపు: “ఉండనీలే. ఇంకో చుట్టు పెంచు.”

మూడో చుట్టులో ఏం వాయించాలన్నది ఇప్పుడు మా కుర్రాడి బెంగ!

ఈ వ్యాసం చదివాక ఒక్క పని చేసిపెట్టండి. బి.బి.కింగ్ 1969లో విడుదల చేసిన ‘ది థ్రిల్ ఈజ్ గాన్’ ఎక్కడన్నా దొరికించుకుని వినండి. దాని పక్కనే నాజర్ బుర్రకథ ఒకటి వినండి. రెండింటిలోనూ స్వరాలు లెక్కపెట్టకండి. ఎక్కడెక్కడ ఆగారో లెక్కపెట్టండి. ఆ ఆగిన చోటల్లా మీకు తెలియకుండానే ఊఁ కొడుతుంటారు, పందెం!